దొంగకు ఇచ్చిన గొంతు

మంగళవారం రాత్రి

ఈరోజు డబ్బింగ్‌లో ఇద్దరికి గొంతు ఇచ్చాను: గొలుసు పోగొట్టుకున్న ఇంటావిడకు, దాన్ని దొంగిలించిన పనిమనిషికి. ఇంటావిడకు పుస్తకాల తెలుగు మాట్లాడాను. పనిమనిషి వంతు రాగానే, "నేను ఆడికి పోనే లేదమ్మా" అంటూ మా అమ్మ యాస వచ్చేసింది. అలా చెప్పమని డైరెక్టర్ అడగలేదు. మొదటి టేకే ఓకే అయింది.

దొంగ అనగానే నా నోటికి మా చింతాద్రిపేట ఇల్లే ఎందుకు గుర్తొచ్చింది? చిన్నప్పటి నుంచి సినిమాల్లో దొంగలు మా యాసలోనే మాట్లాడారు, చెవికి అదే అలవాటైంది అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ నోరు నాదే కదా.

అన్నం పెడుతూ అమ్మ అడిగింది, "ఈ పొద్దు ఎవురికి మాట్లాడినావు పాపా?"

"ఇంటావిడకు" అన్నాను.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "అయితే ఈ సినిమాకి నన్ను తోడుకోని పో."