సోమవారం సంచి

నవ్యా, ఈ రోజుల్లో కార్డులెవరూ చదవరన్నావు. తప్పు, చదువుతున్నారు. సమ్మెకు బడులు మూతపడ్డాక నానక్‌రామ్‌గూడ పిల్లలు నలభైమంది మా వంటశాలలోనే తింటున్నారు. దాత బుచ్చమ్మ ప్రతి సోమవారం మేం లేవకముందే గేటు దగ్గర బియ్యం సంచి పెట్టి, ఖాళీ సంచినీ అందులో నేనుంచిన కృతజ్ఞతల కార్డునూ తీసుకుపోతుంది. నిన్న స్వయంగా దణ్ణం పెడదామని హఫీజ్‌పేట్ వెళ్ళాను.

"అమ్మ పోయి నెలైంది మేడం. గీ కార్డులు ఫోటో ముంగట ఎవలు పెడ్తున్నరో సమజైతలేదు," అన్నాడు కొడుకు మహేశ్. చూస్తే, నాలుగు సోమవారాల నాలుగు కార్డులూ నా దస్తూరీయే.

ఈ పొద్దున సంచి మళ్ళీ వచ్చింది. వలంటీర్లలో ధైర్యవంతులందరూ వెనక్కి జరిగారు. పిల్లలకు ఆకలి, నేనే ఎసరు పెట్టాను.

మీ అమ్మకు ఆశీస్సులు. బుచ్చమ్మ కళ్ళజోడు ఫోటో పక్కనే ఉండిపోయింది, ఇకపై పెద్ద అక్షరాలు రాయాలి. శనివారం వస్తూ పది కార్డులు, లావు పాళీ పెన్ను ఒకటి పట్టుకురా.

— నాయనమ్మ