నాలుగో నంబరు పుస్తకంలో ఖాళీ వరుస

ఫిన్లాండు దేశం, కయానీ పట్టణ నివాసి, కీర్తిశేషులు వైనో తోలొనెన్ భార్య, ఎనభై రెండేళ్ళ ఇర్మెలి తోలొనెన్ అనే నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, తెలివిలో ఉండి నిర్ణయించుకున్న విషయాలివి. ఈ ఉదయం మట్టి తవ్వే మా ఏడు ఎక్స్‌కవేటర్లు ఒక్కొక్కటి ఎన్ని గంటలు తిరిగిందో పుస్తకం చూడకుండా చెప్పాను. వకీలు మార్టి హువొవినెన్ సరిచూసుకున్నాడు. ఒక్కటీ తప్పలేదు. కాబట్టి నా మతి స్థిమితం మీద రేపు ఎవరూ సందేహం లేవనెత్తనక్కరలేదు. గతంలో నేను రాసిన వీలునామాలు ఇంతటితో రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత సదరు వకీలుది.

1. నా కొడుకు రైమోకు ఊళ్ళోని ఇల్లు, సరస్సు గట్టు మీది కుటీరం, దాని వెనక పదకొండు హెక్టార్ల అడవి సర్వహక్కులతో చెందుతాయి. చట్టం అతనికి ఇచ్చే వాటా కంటే ఇవి తక్కువ కావని వకీలు లెక్కకట్టి చూపాడు. కుటీరం కప్పు ఈ వేసవిలో మార్చాలి. మూడేళ్ళుగా చెబుతున్నాను.

2. వైనో చెల్లెలు సిల్వికి నీలం గాజు పూలసీసా. ముప్పై రెండేళ్ళ కిందట మా ఆయన అంత్యక్రియల నాడు కాఫీ దగ్గర ఆవిడ, "క్రిస్మసు లోపు వదిన ఇనుమంతా అమ్మేసుకుంటుంది, చూస్తూ ఉండండి" అంది. అప్పుడు యంత్రాలు రెండు. ఇప్పుడు ఏడు. పూలసీసా మీద ఆవిడకు ఎప్పటినుంచో కన్ను. తీసుకోమనండి.

3. ఓస్సి కెంప్పైనెన్ మా దగ్గర ముప్పై మూడేళ్ళుగా యంత్రం నడుపుతున్నాడు. అతను విశ్రాంతి తీసుకునే దాకా రెండో నంబరు సీటులో మరొకరు కూర్చోకూడదు. వైనో చేతి గడియారం కూడా అతనికే. అతను ఎన్నడూ ఆలస్యంగా రాలేదు కనుక అతనికి అవసరం లేదు, అయినా ఇస్తున్నాను.

4. ఏడు ఎక్స్‌కవేటర్లు, వాటి బకెట్లు, మరమ్మతు షెడ్డు, ట్రెయిలరు, సంస్థలో నా వాటా మొత్తం నా మనవరాలు, కీర్తిశేషురాలు నా కూతురు ఆన్నెలి బిడ్డ సెల్మాకు చెందుతాయి.

ఇది చదివి రైమో కుర్చీలోంచి లేస్తాడని నాకు తెలుసు. ఏడింటినీ ఒకేసారి కొంటామని ఓలు పట్టణం సంస్థ ఒకటి అతనికి ఉత్తరం రాసింది. "అమ్మా, ఈ రోజుల్లో ఎవరైనా యంత్రాలు కొనుక్కుంటారా? అద్దెకు తెచ్చుకుని, మూడేళ్ళకు తిరిగిచ్చి పడేస్తారు. ఈ గ్రీజు గోల మనకెందుకే" అని అతని వాదన. సెల్మా పేరెత్తితే ఒకటే మాట. "దానికిస్తే నెలకో గేరుపెట్టె పగలగొడుతుంది." ఈ రెండో మాటకు ఆరో నిబంధనలో జవాబుంది. కూర్చోమనండి.

5. సెల్మాకు ఆస్తితో పాటు ఈ పద్ధతి కూడా సంక్రమిస్తుంది.

పదునాలుగు టన్నులకు తగ్గని, పద్దెనిమిదికి మించని యంత్రాలే కొనాలి. అంతకంటే చిన్నవి బావి వరలు ఎత్తలేవు. పెద్దవాటిని మన ట్రెయిలరు మోయలేదు. అన్నీ ఒకే రకం కొక్కెంతో ఉండాలి, ఏ బకెట్టయినా ఏ యంత్రానికైనా తగలాలి. పాతది కొనేటప్పుడు రంగు చూడకూడదు, కాలి పెడళ్ళు చూడాలి. మీటరు నాలుగు వేల గంటలంటూ పెడలు రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తే మీటరు అబద్ధమాడుతోంది. బూమ్ అనే పెద్ద చెయ్యి మొదట్లో గునపం పెట్టి ఎత్తి, పిన్నులో వదులు ఎంతుందో చూడాలి. మీరు వెళ్ళేసరికే అమ్మేవాడు ఇంజను వేడెక్కించి ఉంచితే కాఫీ కూడా తాగకుండా తిరిగొచ్చేయాలి. చలిలో అది ఎలా లేస్తుందో మీరు చూడకూడదని అతని ఉద్దేశం. ఇవన్నీ నాకంటే సెల్మాకే బాగా తెలుసు. పద్దెనిమిదేళ్ళప్పుడే ఒక అమ్మకందారు ముందు పెడలు మీద వేలు పెట్టి, "అమ్మమ్మా, ఈయన మీటరు కంటే పెడలు అరగదీసిన ఈయన చెప్పులే నయం, నిజం చెబుతున్నాయి" అంది. ఆ బేరం మేం చెయ్యలేదు.

రోజూ కాఫీకి ముందు గ్రీజు. సాయంత్రం యంత్రం నడిచే ఇనుప చైనుల్లోని బురద పారతో గీకి, యంత్రాన్ని దేవదారు దుంగల మీదికి ఎక్కించి ఆపాలి. నేల మీద వదిలితే రాత్రికి చైను మంచుతో నేలకు అతుక్కుపోతుంది. ఆపినవాళ్ళు ఆ యంత్రం పుస్తకంలో ఆ రోజు వరుసలో పేరు రాయాలి. రాయనివాళ్ళు మర్నాడు అందరికీ తీపి బన్నులు తేవాలి. ఈ నియమం పెట్టింది నేను. దీని నుంచి ఎవరికీ మినహాయింపు లేదు.

6. 2015 జనవరి 13, మంగళవారం. ఆ మధ్యాహ్నం మంచు కరిగి షెడ్డు ముందు నేలంతా చిత్తడిగా ఉంది. నాలుగో నంబరును సెల్మా దుంగల మీద ఆపి, పేరు రాసి ఇంటికి వెళ్ళింది. ఐదున్నరకు డీజిల్ ట్యాంకరు వచ్చింది. తిరగడానికి చోటు చాలలేదు. మగవాళ్ళంతా వెళ్ళిపోయారు. డెబ్బై ఏడేళ్ళ నేను క్యాబులోకి ఎక్కి, నాలుగో నంబరును రెండు యంత్రాల పొడవు వెనక్కి నడిపి, చిత్తడిలో ఆపాను. డీజిల్ రెండు వేల నూట నలభై లీటర్లని డీజిల్ పుస్తకంలో రాశాను. యంత్రాన్ని జరిపిన సంగతి దాని పుస్తకంలో రాయలేదు. ఆ తేదీకున్న రెండు వరుసల్లో సెల్మా పేరు కిందిది ఖాళీగా ఉండిపోయింది.

ఆ రాత్రి సున్నాకు ఇరవై ఆరు డిగ్రీలు కిందికి పోయింది. పొద్దున రైమో తొందరలో చైనులను వెచ్చబెట్టకుండా యంత్రాన్ని ముందుకు లాగాడు. కుడి చైనును తిప్పే గేరుపెట్టె పగిలింది. అందరూ సెల్మా వైపు చూశారు. "నేను దుంగల మీదే పెట్టాను అమ్మమ్మా, ఒట్టు" అంది. "అయితే దుంగలు లేచి నడిచి వెళ్ళాయా" అన్నాను నేను. అందరూ నవ్వారు.

తొమ్మిది గంటల కాఫీ దగ్గర డీజిల్ రసీదు చేతికొచ్చినప్పుడు నాకు గుర్తొచ్చింది. అప్పుడు ఏడుగురు డ్రైవర్లు నా ఎదురుగానే ఉన్నారు. నేను నోరు విప్పలేదు. ఆ వసంతంలో సెల్మా ఉత్తరాన ఒక గని వర్క్‌షాపులో పనికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కూడా తన యంత్రానికి గ్రీజు పెట్టి వెళ్ళింది. మరచిపోవడం నా వయసు తప్పు. ఆ తర్వాత నాలుగేళ్ళ తొమ్మిది నెలలు నోరు మూసుకోవడం నా తప్పు.

ఈ రోజు ఆ ఖాళీ వరుసలో సిరాతో నా పేరు రాశాను. పక్కనే ఈ రోజు తేదీ కూడా వేశాను, పాత తేదీ వేయడం మోసం అవుతుంది కనుక. రేపు కాఫీకి బన్నులు నేనే తెస్తున్నాను, కారణం అందరి ముందూ చెబుతాను. రైమో ముందు వరసలో కూర్చోవాలి.

7. సెల్మాకు ఇష్టం లేకపోతే ఆరు నెలల్లోపు కాదనవచ్చు. అప్పుడు యంత్రాలను ఓలు వాళ్ళకే అమ్మండి. ఆ వచ్చినదీ ఆమెదే. ఎవరూ ఆమెను ఒక్క మాట అనకూడదు.

8. పై నిబంధనలన్నీ నా తదనంతరం అమలవుతాయి, ఆరోదీ ఇదీ తప్ప. దీని నకలును వకీలు ఈ సాయంత్రమే రిజిస్టరు పోస్టులో సెల్మాకు పంపాలి. నా ఎదురుగా నిలబడి నన్ను నిలదీసే హక్కు ఆమెకు ఈ రోజు నుంచే దఖలు పరుస్తున్నాను. అది నేను పోయాక ఇస్తే ఆమెకు పనికిరాదు. రోజూ పొద్దున ఆరు నుంచి షెడ్డులోనే ఉంటాను.

తేదీ: 2019 అక్టోబరు 21, సోమవారం, కయానీ

(సంతకం) ఇర్మెలి తోలొనెన్

ఆమె మా ఇద్దరి సమక్షంలో చదివి, ఆరో నిబంధనను మాకు మరోసారి బిగ్గరగా వినిపించి, సంతకం చేసినట్టు సాక్షులం:

1. కైసా మొయిలనెన్, మందుల దుకాణం యజమాని
2. ఎర్కీ లెస్కినెన్, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు