కోర్టులో నీ పేరు పిలిచారు

సత్యవతికి,

నేను బాగానే ఉన్నాను. నీ క్షేమం ఎలా అడగాలో తెలీక వదిలేశాను. నువ్వు పోయి రేపటికి ఏడాది.

వేసంగిలో పాలకొల్లులో నేను బండి మీద హెల్మెట్ లేకుండా వెళ్తుంటే పోలీసులు ఫొటో తీశారు. బండి ఇంకా నీ పేరునే ఉంది కదా, కేసు కూడా నీమీదే పెట్టారు. ఇవాళ కోర్టుకి వెళ్ళాను. నువ్వు లేవని చెబితే కేసు కొట్టేస్తారన్నాడు పక్కింటాయన.

బంట్రోతు గుమ్మంలో నిలబడి నీ పేరు మూడుసార్లు గట్టిగా పిలిచాడు. నేను 'ఏమే' అనడమే గాని అలా పేరుపెట్టి ఎప్పుడూ పిలవలేదు. అందరితోపాటు నేనూ వెనక్కి తిరిగి చూశాను.

"ఏంటి బాబాయ్, పిన్ని రాలేదా?" అన్నాడు అక్కడి కానిస్టేబులు.

"రాలేదండి" అన్నాను.

"పొయ్యి మీద కూరుందేమో!" అన్నాడు. అందరూ నవ్వారు.

కేసు వాయిదా వేశారు. "ఈసారీ రాకపోతే వారెంటు వస్తుంది. ఆవిడకి గట్టిగా చెప్పండి" అన్నాడు ఆ కానిస్టేబులే.

"చెప్తానండి" అనేసి వచ్చేశాను.

అందుకే చెబుతున్నాను. వాయిదాకి మళ్ళీ నేనే వెళ్ళాలి. నువ్వు చచ్చిపోయావని అంతమందిలో నా నోటితో అనాలి. ఆ మాట ఇంట్లో కూడా ఇంతవరకూ అనలేదే.