బాగున్న రోజుల సంగతి

అక్కా,

కుట్టుమిషను బల్ల మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను. కిటికీలోంచి ఎండ వచ్చి తెల్లగుడ్డ మీద పడుకుంది. నాలుగు రోజులుగా దాన్ని కత్తిరించడానికి చెయ్యి రావడం లేదు. మళ్ళీ దిగులు మొదలైంది.

ఈసారి కొత్త డాక్టరమ్మ. మూడేళ్ళుగా దిగులుకి నేను మింగుతున్న మాత్రల చీటీలన్నీ తిరగేసి, "బాగున్న రోజుల గురించి ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అంది.

"బాగుంటే మీ దగ్గరికెందుకొస్తానండీ?" అన్నాను.

నవ్వింది గానీ వదల్లేదు. నిద్ర లేకపోయినా అలసట రాని రోజులున్నాయా, మాటలు ఆగని రోజులున్నాయా అని తరచి తరచి అడిగింది. ఈ జబ్బును పట్టుకోవడానికి రక్తపరీక్ష లేదట. మనిషి కథంతా వినాలట, ఇంట్లోవాళ్ళనీ అడగాలట. నీకు ఫోన్ చేస్తుంది.

అక్కా, దణ్ణం పెడతాను, ఏమీ చెప్పకు. ఆ రోజుల్లో రంగులు నాతో మాట్లాడేవి. గుడ్డ తానులు గాలిలో ఈదుకుంటూ వచ్చి నా కత్తెర కింద వాలేవి. మూడు రోజుల్లో ఇరవై గౌన్లు కుట్టాను, ఒక్కటీ ఎవరూ కుట్టమన్నది కాదు! నేల కాలికి తగిలేది కాదు. చెబితే మందిస్తారు, ఆ రోజులు ఇక రావు. ఈ దిగులైనా భరిస్తాను. నాకున్న సుఖమల్లా అవే.

నీ చెల్లి

* * *

బుజ్జమ్మా,

నీ ఉత్తరం చేరకముందే ఆవిడ ఫోన్ చేసింది. అన్నీ చెప్పేశాను. ఉత్తరం ముందే వచ్చినా చెప్పేదాన్నే.

నీకు గౌన్లే గుర్తున్నాయి. మూడో రోజు పొద్దున వాటిలో ఒకటి వేసుకుని డాబా పిట్టగోడ ఎక్కావు. గాలిలో నడిచి చూపిస్తానన్నావు. నవ్వుతున్నావు, ఎంత అందంగా ఉన్నావో! నడుము పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం పడ్డాం, నా మోచెయ్యి విరిగింది. తర్వాత నీకేమీ గుర్తులేదు. నువ్వు కుమిలిపోతావని, మెట్ల మీద జారానని అబద్ధమాడాను. ఇన్నాళ్ళూ డాక్టర్లకి నీ జబ్బులో సగమే తెలిసిందంటే తప్పు నాది కూడా.

ఒట్టి దిగులు మందు నీలాంటివాళ్ళని ఒక్కోసారి ఇంకా పైకి ఎగరేస్తుందట. ఇకమీదట దిగులునీ, ఆ హుషారునీ రెండు వైపులా పట్టి ఉంచే మందు ఇస్తారట. మోతాదు కుదరడానికి కొంతకాలం పడుతుంది. రంగుల మీద నీకున్న ఇష్టం పోకుండా చూస్తానంది డాక్టరమ్మ.

నీ సంతోషాన్ని పట్టిచ్చింది నేనే. సోమవారం వచ్చి నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్తాను. దారంతా తిట్టు. ఎన్నేళ్ళైనా తిట్టు. నువ్వు ఉండి తిడుతుంటే నాకు చాలు.

నీ అక్క