మాడిన ఉలవల డబ్బా

సార్,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీరు చదవరు కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను.

మీ పరిశోధన గది ఖాళీ చేయించారు. ఏళ్ల తరబడి మీరు కూడబెట్టిన పురాతన గింజల్లో నాకు దక్కింది ఒక్క డబ్బా. మీ స్థానంలో నన్ను తీసుకోలేదు. ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో, పురాతన కాలపు కథతో తీస్తున్న సినిమాకి సలహాలిస్తున్నాను.

వంటింటి సెట్టులో ఎండుమిరపకాయల దండలు వేలాడదీశారు. ఆ కాలంలో మన నేల మీద మిరపే లేదని చెబితే, దర్శకుడు వెంటనే తీయించేశాడు. ఆ సంబరంలో మర్నాడు మీ డబ్బా పట్టుకెళ్లాను. తవ్వకాల్లో దొరికిన బూడిదను నీళ్లలో కడిగి మీరు ఏరిన మాడిన ఉలవలు, పాత ఫిలిం రోలు డబ్బాలో, పైన మీ చేతిరాత చీటీతో. దర్శకుడికి చూపిద్దామని సెట్టులోనే పెట్టి భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి సెట్టులో పొయ్యి మండుతోంది. ఆర్ట్ అసిస్టెంటు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"మేడం, మీ ఉలవలు పొయ్యిల పోసినం. జర అసలుదాని లెక్క కనవడ్తదని. షాట్ మస్తు వచ్చింది."

మాడిన గింజే వేల ఏళ్లు నిలుస్తుందని మీరు మొదటి క్లాసులోనే చెప్పారు. మళ్లీ మంటలో పడితే ఏమవుతుందో చెప్పలేదు. పొయ్యి ఆరాక జల్లెడ పట్టాను సార్. అంతా బూడిదే.

"టైటిల్స్‌లో మీ సార్ పేరు కూడా వేద్దామా అండీ?" అని సాయంత్రం దర్శకుడు అడిగాడు.

వద్దన్నాను.