వాగు నీళ్ల సంగతి

పండూ, ఫ్రెండ్స్‌తో వెళ్లే ఈ ట్రెక్‌లో రెండో రాత్రి మీరు టెంటు వేసేచోట వాగు ఎండిపోయి ఉంటే మీ గతేంటే? మ్యాప్‌లో నీలం గీత కనిపిస్తే గొంతు తడుస్తుందా? అడవి చెక్‌పోస్టుకి పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తున్నా, ఎత్తే నాథుడే లేడు. సంగతి తేలేదాకా గడప దాటొద్దు. సీసాలన్నీ నింపి వంటింటి గట్టు మీద పెట్టాను. "నీకన్నీ భయాలే అమ్మా" అన్నావుగా, ఈ చీటీ చదివి నవ్వుకో. నేను డ్యూటీకి పోతున్నా.

అమ్మయ్య! చెప్పులేసుకుంటుంటే ఇప్పుడే ఎత్తాడు. వాగు నిండుగా పారుతోందట, వెళ్లిరా తల్లీ. ఆ నీళ్లు కాచుకునే తాగండి. టెంటు రాడ్ల కోసం ఇల్లంతా వెతక్కు, బియ్యం డబ్బా వెనక నేనే దాచాను. ఇంతసేపూ ఎందుకు ఎత్తలేదు బాబూ అని కసిరితే, "ఆ వాగులోనే స్నానం చేస్తున్నానమ్మా" అన్నాడు.