చీటీలో వచ్చిన టేకుచెట్టు

బుజ్జీ,

చెట్లు ఎంత కార్బన్ దాచుకుంటాయో తెలియాలంటే కొన్నిటిని కొట్టి తూచక తప్పదని నువ్వు అడిగితే మన తోట ఇచ్చాను. కొట్టవలసిన చెట్లను చీటీలు వేసి ఎంచారట. అందులో తాతయ్య నాటిన పెద్ద టేకుచెట్టు వస్తే, నువ్వు దాన్ని తప్పించి పక్క చెట్టుకు గుర్తు పెట్టావని నీతో పనిచేసే అమ్మాయి నోరు జారింది. “మా అమ్మమ్మ తట్టుకోలేదు, వదిలెయ్యవే” అన్నావట. చెట్లను కొలిచేదానివి, నా మనసు ఎప్పుడు కొలిచావు? పెద్ద చెట్లను ఇలా మొహమాటానికి వదిలేస్తే అడవుల్లో దాగిన కార్బన్ లెక్క తక్కువగా తేలుతుంది, నీ పరిశోధన ఎందుకూ పనికిరాదు. టేకునే కొట్టించు.

రంపం పనివాళ్లను పంపి ఊరుకోకు, నువ్వూ రా. ఆ రోజు నా పక్కన ఒక మనిషి ఉండాలి.

అమ్మమ్మ